మంటకప్ప లొద్ది

నేను రిటైరైన రోజున కాలేజీలో నాకు శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకుని, "ఈయన ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కనాడు కూడా పైవాళ్ళకు ఎదురు మాట్లాడలేదు" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా లేచి నిలబడి, నవ్వి, అందరికీ దండం పెట్టాను.

ఎదురు మాట్లాడాల్సిన రోజు ఒకటి నా ఉద్యోగంలో వచ్చింది. ఆ రోజు నేనేం చేశానో ఇప్పుడు రాస్తున్నాను. జువాలజీ చదివే పిల్లలు, ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్ళు చదువుతారని నా ఆశ. ఇందులో ఎవరి పేరూ రాయను. పేర్లు రాస్తే పోయినవాళ్ళ మీద బురద జల్లానంటారు. బతికున్న నా మీద జల్లుకోవడానికే నాకు చాలినంత బురద ఉంది. రాతలో కోపం కనిపిస్తే కనిపించనివ్వండి, దాన్ని కడిగి ఆరేసి మీకిచ్చే ఓపిక నాకు లేదు.

డెబ్బైల చివర్లో నేను హన్మకొండలోని ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబ్ అసిస్టెంటుని. ఉద్యోగం టెంపరరీ. ఆరు నెలలకోసారి హెడ్ సార్ సంతకం పెడితే మరో ఆరు నెలలు నిలుస్తుంది. ఆ ఆరు నెలలూ ఆయన ముఖం చూసి మన ముఖం దిద్దుకోవాలి. డిపార్ట్‌మెంటులో గుమాస్తా పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. అందుకని ఉత్తరాలు టైపు చేయడం, రబ్బరు ముద్ర వేయడం, పోస్టు డబ్బాలో వేయడం కూడా నా నెత్తినే పడ్డాయి. చిన్నాచితకా కాగితాల మీద "ఫర్ హెడ్" అని రాసి నేనే సంతకం గీకి పంపేవాణ్ణి. అలా చేయమని చెప్పింది హెడ్ సారే. తన పడక కుర్చీ నిద్రకు సంతకాలు అడ్డం రాకూడదని ఆయన పద్ధతి.

నా అసలు పని మాత్రం కప్పలు. ఆ రోజుల్లో జువాలజీ అంటే కప్పే. గుండె కప్పది, రక్తనాళాలు కప్పవి, నరాలు కప్పవి. వానాకాలంలో వరంగల్ చుట్టూ ఏ చెరువు గట్టున నిలబడ్డా కప్పల అరుపుకు మనిషి మాట వినపడదు. పరీక్షలు మాత్రం మార్చిలో పెడతారు. చెరువులు నెర్రెలిచ్చి, కప్పలన్నీ భూమిలోకి దూరి నిద్రపోయే నెలలో, పిల్లవాడికో కప్ప చొప్పున తెమ్మంటారు. పరీక్షల తేదీలు వేసేవాళ్ళలో ఒక్కరైనా జువాలజీ చదివారో లేదో నాకు ఈనాటికీ అనుమానమే.

మార్చిలో కప్పలు తెచ్చేవాడు మాకు ఒక్కడే ఉండేవాడు. నర్సంపేట దాటి అడవిలో ఒక గూడెం మనిషి. యాభై దాటి ఉంటాయి. తడిపిన గోనెసంచి బస్సు టాప్ మీద వేసుకుని వచ్చేవాడు. కండక్టరు సంచిలో ఏముందని అడిగితే "కూరగాయలు" అనేవాడు. ఎక్కడో నర్సంపేట దాటాక ఆ కూరగాయలు అరవడం మొదలుపెట్టేవి. కాలేజీలో అందరూ ఆయన్ని కప్పలాయన అనేవారు. నేను కాకా అని పిలిచేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను సారూ అనేవాడు. అటెండరు కంటే ఒక మెట్టు పైనున్న నన్ను సార్ అన్నది లోకంలో ఆయనొక్కడే.

ఆ ఏడు పరీక్షకు ముందురోజు సాయంత్రం కాకా సంచితో పాటు ఒక చిన్న కుండ కూడా తెచ్చాడు. మూతికి గుడ్డ కట్టి ఉంది. విప్పి చూపించాడు. లోపల మూడు కప్పలు. బొటనవేలంత ఉన్నాయి. వీపు కాల్చిన ఇటుక రంగు, పక్కలు బొగ్గు నలుపు, కాళ్ళ మీద తెల్లటి చుక్కలు. అప్పటికి కొన్ని వేల కప్పలు నా చేతుల మీదుగా పోయి ఉంటాయి. అట్లాంటివి ఒక్కటీ చూడలేదు.

"కొత్త రకం ఏదన్న కనవడితే తెమ్మన్నవు గదా సారూ," అన్నాడు కాకా. "మంటకప్పలు. మా లొద్దిల ఊట కాడ తప్ప యాడ ఉండయ్. చెయ్యి పెట్టకు, పెడితే కండ్లు తుడుసుకోకు. మిగితావాటితోని మాత్రం కలపకు, జర యాది పెట్టుకో."

నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు. కాకా పోయాక, పల్లెటూరి నమ్మకాలు కదా అనుకుని, మూడింటినీ తీసి పరీక్ష కప్పలున్న డ్రమ్ములోనే వేసి మూత పెట్టాను. కుండలో గాలాడక చస్తాయేమోనని నా చదువు నాకు చెప్పింది. ఆ రాత్రంతా కళ్ళు ఎందుకు మండుతున్నాయో మాత్రం చెప్పలేదు.

పొద్దున మూత తీస్తే పరీక్ష కప్పలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. ఆ మూడు ఎర్రవి మాత్రం చచ్చిన పెద్ద కప్ప మీద నింపాదిగా కూర్చుని నన్ను చూశాయి. బయట పిల్లలు కత్తెరలు, సూదులు పట్టుకుని వరుసగా నిలబడి ఉన్నారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు అప్పటికే కాఫీ తాగుతున్నాడు.

హెడ్ సార్ నన్ను అందరి ముందూ గాడిద అన్నాడు. అది న్యాయమైన మాటే కాబట్టి దాని మీద నాకు కోపం లేదు. ఎక్స్‌టర్నల్ పెద్దమనిషి మాత్రం నవ్వుతూ డ్రమ్ము దగ్గరికి వచ్చాడు. చిమ్టాతో ఒక ఎర్రదాన్ని పట్టుకుని తిప్పి చూశాడు. దాని వీపు మీద పాలలాంటి జిగురు ఊరింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"దీన్ని నేను ఈ వైపు చూసిన గుర్తు లేదండీ. ఎక్కడిది?" అని అడిగాడు.

హెడ్ సార్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మేం చాలాకాలంగా దీని మీద వర్క్ చేస్తున్నాం సార్," అన్నాడు. అప్పటికి ఆయన ఆ కప్పను చూసి అయిదు నిమిషాలు కూడా కాలేదు.

పరీక్షను గోడ మీది చార్టులతో కానిచ్చేశారు. ఆ బ్యాచి మొత్తం పాసైంది. వాళ్ళలో కొందరు తర్వాత పెద్ద కాలేజీల్లో లెక్చరర్లయి, కప్ప నాడీవ్యవస్థ గురించి గంటలు గంటలు చెప్పారని విన్నాను.

ఆ మధ్యాహ్నమే హెడ్ సార్ తన గదిలోకి పిలిచి ఒక విదేశీ పుస్తకం తెరిచి చూపించాడు. ఎక్కడో సముద్రాల అవతల, ఏడాదంతా వాన కురిసే అడవుల్లో ఉండే చిన్న చిన్న రంగు కప్పల ఫొటోలు. వాటి విషాన్ని అక్కడి వేటగాళ్ళు బాణాలకు పూసుకుంటారట. "మనదీ ఇదే ఫ్యామిలీ అయ్యుంటుంది. అలా అయితే ఇది ఇండియాలో మొదటిసారి. పేరు మనం పెట్టొచ్చు," అన్నాడు. మనం అంటే ఆయన. ఆ కప్పలకూ మన కప్పకూ చుట్టరికమే లేదని చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం ఇద్దరం ఆ ఫొటోల మీద వంగి చాలాసేపు చూశాం.

ఏప్రిల్‌లో కాకాతో కలిసి మొదటిసారి అక్కడికి వెళ్ళాను. రెండు గుట్టల నడుమ లోతుగా దిగిన ఇరుకు లోయను అక్కడి వాళ్ళు లొద్ది అంటారు. పైన అడవంతా ఆకు రాలి, కాళ్ళ కింద కరకరలాడుతోంది. మోదుగు పూలు కూడా అయిపోయాయి. వెదురు పొదల నడుమ నుంచి లొద్దిలోకి దిగుతుంటే ఒక్కో అడుగుకూ చల్లదనం పెరిగింది. అడుగున మద్దిచెట్లు, నేరేడుచెట్లు కొమ్మలు కలిపి కప్పేశాయి. రాళ్ళకు పచ్చటి నాచు, నాచులో నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు. ఆ బొట్లన్నీ చేరి ఒక రాతి గుంటలో నిలిచాయి. గుంట చుట్టూ తడి ఆకుల కింద మంటకప్పలు. పుస్తకంలో చూసిన వానల అడవిని ఎవరో దోసెడు తెచ్చి మా ఎండిన జిల్లాలో దాచిపెట్టినట్టుంది. నేను చొక్కా చెమట ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.

కాసేపటికి గూడెం ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. ముందు వచ్చినామె వెదురు కర్రతో రాతి మీద మూడుసార్లు కొట్టి, ఆగింది. గట్టున కూర్చున్న కప్పలన్నీ రాళ్ళ సందుల్లోకి జరిగాయి. అప్పుడు సొరకాయ బుర్రతో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది.

"కొట్టకుంట బుర్ర ముంచితే కప్ప బెదిరి జిగురు ఇడుస్తది. నీళ్ళు తాగితే గొంతు మండుతది," అని కాకా చెప్పాడు. "మా తాతల కాడికెల్లి గిదే పద్ధతి. ఎండకాలం మా గూడెంకు గీ నీళ్ళే సారూ. మనుషులకు, బర్లకు అన్నిటికి. కప్ప ఉన్నన్ని దినాలు నీళ్ళుంటయ్."

ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకుని హెడ్ సార్‌కు చూపించాను. ఆయన రెండు పేజీలు తిప్పి, "ఈ బిందెల గోల ఎందుకయ్యా? స్పెసిమెన్లు కావాలి," అన్నాడు. ఆ వానాకాలంలో నన్ను మూడుసార్లు పంపాడు. మూడుసార్లూ కనబడినన్ని పట్టుకొచ్చాను. ఇక చాలు సార్ అని నేను అనలేదు. కాకా అన్నాడు. "విత్తనానికన్న ఇడువు సారూ," అన్నాడు. నేను మళ్ళీ తలూపి సంచి మూతి కట్టాను.

ల్యాబులో వాటిని ఫార్మలిన్ సీసాల్లో వేశాను. పది రోజుల్లో ఇటుక రంగు పాలిపోయింది. నెల తిరిగేసరికి అన్నీ ఉడికించిన చిక్కుడు గింజల్లా తెల్లబడ్డాయి. బతికున్నప్పుడే డ్రాయింగు మాస్టారు చేత రంగుల్లో గీయిద్దామని అంతకుముందే అడిగాను. "రంగుదేముంది, ఎముకలు ముఖ్యం," అన్నాడు హెడ్ సార్. ఆ తెల్లటి వాటిని పెట్టెలో సర్ది కలకత్తాలో ఉన్న ఒక పెద్ద పండితుడికి పంపాం. ఎక్కడ దొరికాయన్న చోట "వరంగల్ జిల్లా" అని మాత్రమే రాయించాడు. లొద్ది పేరు రాస్తే ఎవరో వచ్చి ఎగరేసుకుపోతారని ఆయన భయం.

చలికాలంలో కాకా ఉత్త చేతులతో వచ్చాడు. సంచి లేకుండా ఆయన్ని చూడడం అదే మొదలు.

"లొద్దిల చెట్లకు గంట్లు పెట్టి నంబర్లు ఏసిండ్రు సారూ. మొత్తం నరికి జామాయిల్ పెడతరట. కాగితాల మిల్లుకట. మేం ఏలిముద్రలేసి దరఖాస్తు ఇచ్చినం. ఎవ్వలు పలుకుత లేరు. రేంజర్ సారు నిన్ను తోలుకరమ్మన్నడు," అన్నాడు.

కాకాతో పాటే రేంజరు ఆఫీసుకు వెళ్ళాను. ఆ రేంజరు వయసులో నాకంటే చిన్నవాడు. అతన్ని గురించి చెడ్డగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇద్దరికీ టీ తెప్పించి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"గూడెమోళ్ళ దరఖాస్తు నేను మూడుమాట్ల పైకి పంపిన. ఏలిముద్రలు చూసి పక్కకు పెట్టిండ్రు. నీళ్ళకు బోరు ఏపిచ్చుకోమన్నరు. కాలేజీ కాగితమంటే వేరే లెక్క. ఈ ఊట కాడ ఉండే జంతువు మీద మేం పరిశోధన చేస్తున్నం, ఈ లొద్ది నరకొద్దు అని రెండు లైన్లు రాసి ముద్రేసి తెండ్రి. సోమవారం రాత్రికి మా పెద్ద సారు వస్తాండు. మంగళవారం పొద్దున నరికే కూపు చూస్తడు. ఆయన ముందర పెడ్త."

"పెడితే ఆగుతుందా?" అని అడిగాను.

"ఆగుతదని ఒట్టేసి చెప్పలేను. ఆపమని అడిగేతందుకు నా చేతిల ఏదన్న ఉండాలె గదా."

ఇక్కడ ఒక విషయం మీరు గమనించాలి. ఒక గూడెం మొత్తం మాకు తాగడానికి నీళ్ళుండవని మొత్తుకుంటే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోయింది. బొటనవేలంత కప్ప కోసం కాలేజీ ముద్ర పడితే మాత్రం పెద్ద సారు చదువుతాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి. ఆ రోజు మాత్రం దారి దొరికిందన్న సంతోషంతో కాకాను నర్సంపేటలో వదిలి, "సోమవారం పొద్దున రా కాకా, కాగితం చేతిలో పెడతా. నువ్వే తీసుకపోయి రేంజరుకు ఇద్దువు," అని మాటిచ్చి హన్మకొండ బస్సెక్కాను.

శనివారం ఉత్తరం టైపు చేసి హెడ్ సార్ ముందు పెట్టాను. రెండు లైన్లు చాలని రేంజరు అంటే నేను పావు పేజీ రాశాను. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు.

"నీకేమన్నా మతుందా? ఊట ఎక్కడుందో కాగితం మీద పెడితే అది పది ఆఫీసులు తిరుగుతుంది. హైదరాబాదు వాళ్ళకు తెలిసిందంటే రేపే జీపు వేసుకుని దిగుతారు. కలకత్తా నుంచి రిప్లై రానీ. పేరు ఖాయం కానీ. అప్పుడు కావాలంటే మినిస్టరుకే రాద్దాం."

"అప్పటికి లొద్ది ఉండదు సార్."

"ఉండకపోతే ఏం? స్పెసిమెన్లు మన దగ్గరున్నాయి కదా!"

ఈ మాట నేను కల్పించింది కాదు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి నోటి నుంచి, నా ఎదురుగా, పట్టపగలు వచ్చిన మాట. దాని తర్వాత ఇంకొకటి కూడా అన్నాడు. "నీ పర్మనెంటు ఫైలు నా బల్ల మీదే ఉందని గుర్తుందిగా? ఈ నెలలో మూవ్ చేద్దామనుకుంటున్నా."

ఆదివారం చర్చిలో కూర్చున్నాను. పాస్టరు గారు చెప్పింది ఒక్క ముక్కా తలకెక్కలేదు. పక్కన మా ఆవిడ ఒళ్ళో నెలల పిల్ల నిద్రపోతోంది. ఆ ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. ముద్ర నా సొరుగులో ఉంది. "ఫర్ హెడ్" అని రాయడం నాకు కొత్త కాదు. సీసాల ఆర్డర్లకు, క్లోరోఫాం రసీదులకు, ఎలకలు కొరికిన చార్టుల లిస్టుకు రాశాను. దీనికి కూడా ఆ రెండు మాటలు రాసి ముద్ర గుద్దితే అది కాలేజీ కాగితమే. హెడ్ సార్‌కు తెలిసేలోపు లొద్ది బయటపడేది. బయటపడకపోయినా, దాన్ని కాపాడడానికి నేను చేయాల్సింది చేసి ఉండేవాణ్ణి.

సోమవారం మొదటి బస్సుకే కాకా వచ్చేశాడు. ల్యాబు మెట్ల మీద కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూసి, బయటికి వెళ్ళి, "సార్ ఇంకా రాలేదు కాకా, కూర్చో," అన్నాను. హెడ్ సార్ అప్పటికే లోపల పేపరు చదువుకుంటున్నాడు. మధ్యాహ్నం అటెండరుతో "ఇంకాసేపు ఆగమను" అని చెప్పి పంపాను. మూడింటికి సొరుగు తెరిచి ముద్ర తీశాను. ఇంకు ప్యాడు మీద అద్దాను కూడా. అసలు పడుతుందో లేదో చూద్దామన్నట్టు ఒక చిత్తు కాగితం మీద వేశాను. బ్రహ్మాండంగా పడింది. తుడిచి మళ్ళీ సొరుగులో పెట్టి తాళం వేశాను.

అయిదింటికి ల్యాబు వెనక తలుపు తీసుకుని, ప్రహరీ పక్క నుంచి నడిచి ఇంటికి పోయాను. ముందు మెట్ల మీద కాకా ఉన్నాడని తెలుసు. తెలిసే వెనక నుంచి పోయాను.

మరుసటి వారం లొద్దిలో గొడ్డళ్ళు దిగాయి. ఆ నెలాఖరులో నా ఉద్యోగం పర్మనెంటైంది. హెడ్ సార్ స్వయంగా ఆర్డరు చేతికిచ్చి, "స్వీట్లేవయ్యా?" అన్నాడు. తెచ్చి పెట్టాను. ఆయన రెండు తిన్నాడు.

ఆ తర్వాత కాకా కప్పలు తేవడం మానేశాడు. మార్చి పరీక్షలకు కప్పలు దొరక్క బొద్దింకలతో సరిపెట్టాం. ఎందుకు రావడం లేదని ఎవరూ అడగలేదు. నేను అడగాల్సిన పని లేదు.

కలకత్తా జవాబు రావడానికి ఏడాది పైగా పట్టింది. ఆ పండితుడు మర్యాదగానే రాశాడు. రంగు పోయిన వాటిని బట్టి ఇది తెలిసిన జాతా, కొత్తదా తేల్చలేనన్నాడు. బతికున్నవి కొన్ని పంపమన్నాడు. అవి ఉండే చోటు వివరాలు కూడా, నీటి సంగతి, చెట్ల సంగతి, అన్నీ రాయమన్నాడు. హెడ్ సార్ ఆ ఉత్తరం నా ముందుకు తోసి, చాయ్ తెమ్మన్నట్టుగా చెప్పాడు.

"నాలుగు పట్టుకురావయ్యా."

నా నోట్లోంచి ఏవేవో రావాల్సింది. వచ్చింది ఒక్కటే. "మీరూ రండి సార్. చోటు వివరాలు రాయాలి కదా, మీరు చూస్తేనే బాగుంటుంది."

మే నెల. బస్సు దిగి గూడెం దాకా నడిచేసరికే ఆయన చొక్కా తడిసి ముద్దయింది. కాకాను పిలిస్తే వచ్చాడు. నన్ను చూసి, "బాగున్నవా సారూ," అని అంతకుముందులాగే అడిగాడు. ఆయన వెనక నడిచాం. దారిలో ఇద్దరాడవాళ్ళు నెత్తి మీద బిందెలతో ఎదురయ్యారు. ఎక్కడినుంచి అని హెడ్ సార్ ఊరికే అడిగాడు. అవతలి గుట్ట కింద వ్యవసాయ బావి నుంచట. పొద్దున పోయి ఇప్పుడు వస్తున్నారట.

లొద్దిలోకి దిగుతున్నామని కూడా తెలియలేదు. వెదురు లేదు, మద్ది లేదు. రెండు వైపులా మోకాలెత్తు జామాయిల్ మొక్కలు వరుసలు వరుసలుగా నిలబడి ఉన్నాయి. పోయిన వానలకు గుట్ట మీది మట్టి కొట్టుకొచ్చి అడుగంతా మేట వేసింది. ఎండ సూటిగా నెత్తిన పడుతోంది.

"ఎక్కడయ్యా?" అన్నాడు హెడ్ సార్, గొడుగు విప్పి చుట్టూ చూస్తూ.

"ఇక్కడే సార్."

"ఇక్కడంటే?"

"మీరు నిలబడ్డ చోటే. ఊట మీ బూట్ల కింద ఉంది."

ఆయన పక్కకు జరిగి కింద చూశాడు. పొడి మట్టి. తర్వాత కాకా వైపు తిరిగి, "ఇలాంటిదే ఇంకో లొద్ది ఉంటుందిగా, అక్కడ చూద్దాం," అన్నాడు.

"ఉండె సారూ," అన్నాడు కాకా. "అది సుత నరికిండ్రు."

హెడ్ సార్ రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. నోరు తడారిపోయింది. "కాస్త మంచినీళ్ళు దొరుకుతాయా?" అని కాకాను అడిగాడు.

కాకా ఎగతాళి చేసే మనిషి కాదు. అడిగినదానికి జవాబు చెప్పాడంతే. "గిక్కడనే తాగెటోల్లం సారూ."

నా చేతిసంచిలో సీసా నిండా నీళ్ళున్నాయి. మా ఆవిడ తడిగుడ్డ చుట్టి ఇచ్చింది. నేను తీయలేదు. ఉందని చెప్పలేదు. ఆయన నాలుకతో పెదాలు తడుపుకుంటూ రోడ్డు దాకా నడిచాడు. నేను వెనకాలే నడిచాను. సంచిలో నీళ్ళు కదులుతున్న చప్పుడు ఆయనకు వినిపిస్తే బాగుండునని కోరుకున్నాను. ఇంతకాలం చేరి ఉన్న కోపానికి నేను చేయగలిగింది ఆ కాస్తే.

రోడ్డు పక్క చిన్న హోటల్లోకి ఆయన తూలుతున్నట్టు దూరాడు. నేను బయట చింతచెట్టు నీడన ఆగి, సీసా తీసి, మూత విప్పి కాకాకు అందించాను. గూడెం నుంచి లొద్దికీ, లొద్ది నుంచి ఇక్కడికీ ఆ ఎండలో మా కోసమే నడిచాడాయన. పెదాలు పగిలి ఉన్నాయి.

"తాగు కాకా."

ఆయన సీసా వైపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"వద్దు సారూ, నువ్వు తాగు. గా సోమవారం పొద్దుమూకేదాక నీ కోసం మెట్ల మీద కూసున్న. అప్పుడు సుత గిట్లనే దూపైంది."

అని, భుజం మీది తువ్వాలు నెత్తికి చుట్టుకుని, మళ్ళీ గూడెం దారి పట్టాడు.